మేజోళ్లూ, మెట్టెలూ

సికింద్రాబాదు జనరల్ బజారులో ‘హోజరీ’ అని బోర్డున్న కొట్లోకి వెళ్లి మేజోళ్లు చూపించమని అడగండి. ముందు మగవాళ్ల బనియన్లు బల్లమీద పరుస్తాడు. అవి కావంటే పిల్లల బనియన్లు. అవీ కావంటే మన మొహంకేసి ఓసారి చూసి, “మరింకేం కావాలమ్మా?” అంటాడు. పాపం, అతని తప్పేం లేదు. ఇంగ్లీషువాళ్ల పాత మాటల్లో హోజ్ అంటే కాలికి తొడుక్కునేది. దాన్ని అల్లే పనీ, అమ్మే వ్యాపారమూ హోజరీ. మన దేశంలో మొదటి హోజరీ మిల్లు 1893లో కలకత్తాలోని ఖిదిర్‌పూర్‌లో పెట్టారు. తర్వాత లూధియానా ఉన్ని బట్టలకీ, తిరుప్పూరు బనియన్లకీ పేరు తెచ్చుకున్నాయి. అలా ఆ మాట కాలినుంచి ఒంటిమీదికి పాకింది. ఊరూరా హోజరీ షాపులైతే వెలిశాయి గానీ, ఆడదాని కాలికి వెచ్చగా తొడిగేది మాత్రం ఎక్కడో వెనక అరలోనే ఉండిపోయింది.

“మనకెందుకండీ మేజోళ్లు? ఇదేమన్నా ఇంగ్లండా?” అంటారేమో. నిజమే, మన చలి పెద్ద చలేం కాదు. 1946 జనవరిలో హైదరాబాదులో 6.1 డిగ్రీలకి పడిపోయిందని రికార్డుంది. ఏటా అంత పడదు. కానీ డిసెంబరు నెలలో తెల్లవారుజామున, చెప్పుల్లేకుండా షాబాదు బండల మీద కాలు పెట్టి చూసినవాళ్లకి డిగ్రీల లెక్కతో పనిలేదు. ఆ బండ రాత్రంతా చలి తాగి కూర్చుని ఉంటుంది. ఇంట్లో అందరికంటే ముందు దానిమీద కాలు పెట్టేది ఎవరో నేను చెప్పక్కర్లేదు కదా!

తమాషా ఏమిటంటే, ఈ ఊళ్లోకి మేజోళ్లు వచ్చింది చలికోసం కాదు. మన పెద్దవాళ్లు సికింద్రాబాదుని ‘లష్కర్’ అనేవారు. బోనాల పండక్కి ఇప్పటికీ లష్కర్ బోనాలనే పేరు. లష్కర్ అంటే దండు. 1798లో నిజాముకీ కుంపిణీవారికీ కుదిరిన ఒప్పందంతో హుసేన్‌సాగర్‌కి ఉత్తరాన దండు దిగింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుమీద ఊరికి పేరు పెట్టారు. దండు వెనకాలే దొరలు, దొరల వెనకాలే దొరసానులు. ఆ రోజుల్లో వాళ్ల దేశంలో పెద్దింటి ఆడమనిషి చీలమండ బయటికి కనపడటమే అప్రతిష్ఠ. అందుచేత మే నెల ఎండలో కూడా కాళ్లకి నూలు మేజోళ్లో, పట్టు మేజోళ్లో తొడుక్కుని, పైన రెండు మూడు పొరల గౌన్లు వేసుకుని కూర్చునేవారు. దానికి తోడు, కడుపుకి చల్లగాలి తగిలితే కలరా వస్తుందని వాళ్లకో నమ్మకం. కలరా బెల్టు అని ఫ్లానెల్ పట్టీ ఒకటి సిపాయిల నడుముకి చుట్టించేవారు, మన వేసవిలో! అధికారం చెలాయించడం కూడా అంత సుఖమైన పనేం కాదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది నాకు.

అన్నట్టు, ఈ లష్కర్ పక్కనే ఆ మేజోళ్లకి ఇంకో మంచి కారణం బయటపడింది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దొర బేగంపేటలో ఒక దోమ కడుపు కోసి, మలేరియా క్రిమి జాడ కనిపెట్టాడు. 1902లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. సాయంత్రం పూట చీలమండల చుట్టూ తిరిగే దోమకీ జ్వరానికీ ఉన్న సంబంధం అలా తేలిపోయింది. పల్చటి పట్టు మేజోడు దోమకి ఒక లెక్క కాదు గనక, సాయంత్రాలు తొడుక్కోవడానికి ‘మస్కిటో బూట్లు’ అని పొడుగాటి మెత్తటి బూట్లు వచ్చాయి. సిగ్గుకోసం కప్పుకున్న కాలు చివరికి ఆరోగ్యం కోసం కప్పుకోవలసి వచ్చిందన్న మాట.

అసలు మేజోళ్లు ఆడవాళ్లవే కావు మొదట్లో. యూరపు రాజుల కాలంలో పట్టు మేజోళ్లు వేసుకుని పిక్కలు చూపించుకుంటూ తిరిగినవాళ్లు మగవాళ్లు. ఆడవాళ్ల మేజోళ్లు గౌను కిందే ఉండిపోయేవి, ఎవరు చూడొచ్చారు? 1589లో విలియం లీ అనే ఇంగ్లీషాయన మేజోళ్లు అల్లే మగ్గం కనిపెట్టి, పేటెంటు ఇవ్వమని ఎలిజబెత్ రాణిని వేడుకున్నాడు. ఆవిడ ఇవ్వలేదు. చేత్తో అల్లుకుని బతికే బీదవాళ్ల నోటిదగ్గర కూడు పోతుందని ఆవిడ భయం. మన చేనేతవాళ్లని తలుచుకుంటే ఆ భయం ఎంత నిజమో మనకి వేరే చెప్పక్కర్లేదు. రాణి కాదన్నా యంత్రం ఆగిందా? ఫ్రాన్సుకి పోయింది, మళ్లీ తిరిగి వచ్చింది, లోకాన్ని నింపింది.

లష్కర్లో దొరసానులని పక్కనపెడితే, చీరమీద మేజోళ్లు తొడిగిన మొదటి ఆడవాళ్లలో పార్శీలున్నారు. పాత జేమ్స్ స్ట్రీటులో, అంటే ఇప్పటి ఎం.జి. రోడ్డు మీద, వాళ్ల అగ్నిదేవాలయం 1847 నాటిది. బొంబాయినుంచి వచ్చిన వర్తకుల కుటుంబాలు. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బొంబాయి పార్శీ ఇళ్లలో ఆడపిల్లలు చీరలకింద మేజోళ్లూ బూట్లూ వేసుకోవడం మొదలుపెడితే ముసలివాళ్లు గగ్గోలు పెట్టారు. పిల్లలు వినలేదు. పాత ఫోటోల్లో చూడండి, అంచుకి బుటా పనిచేసిన చీర, లేసు జాకెట్టు, కిందికి చూస్తే తెల్లటి మేజోడు, చిన్న మడమ బూటు. ఎంత హుందాగా ఉంటారో!

అది చూసే ఠాగూరు వారింటి కోడలు జ్ఞానదానందినీదేవి 1860లలో బొంబాయిలో కొత్త చీరకట్టు నేర్చుకుంది. చీరకింద పెట్టీకోటు, పైన జాకెట్టు, కాళ్లకి మేజోళ్లూ బూట్లూ కలిసి ఒక పూర్తి వేషం. కలకత్తాకి తిరిగి వచ్చాక తనకి తెలిసిన ఆడవాళ్లకి నేర్పింది. బ్రహ్మసమాజం వాళ్ల ఇళ్లలో పట్టుకుని, దేశమంతా పాకింది. మనవాళ్లూ అందులో జాకెట్టు తీసుకున్నారు, పెట్టీకోటు తీసుకున్నారు. మేజోళ్లు మాత్రం వదిలేశారు.

ఎందుకు వదిలేశారంటే, మన ఆడవాళ్ల పాదం వట్టి పాదం కాదు మరి. దానికి పసుపుండాలి, పారాణుండాలి, రెండో వేలికి మెట్టెలుండాలి. పెళ్లయినదా కాదా అన్నది చెప్పేది ఆ వేలు. మేజోడు తొడిగితే అదంతా కనపడకుండా పోతుంది. అత్తగారి ముందు చెప్పులు వేసుకోవడమే ఎదిరింపుగా ఉన్న రోజుల్లో మేజోళ్ల మాటెవరెత్తుతారు? కాబట్టి ఒంటికి కొత్త నాగరికత వచ్చింది, కాలిదగ్గర ఆగిపోయింది.

ఇంకోటి గమనించారా? మన క్యాలెండర్లో గట్టి చలి పడే నెల ధనుర్మాసం. సరిగ్గా ఆ నెలంతా ఆడది తెల్లవారకుండా లేచి, వాకిట్లో కల్లాపి చల్లి, ఆ తడిలో వట్టి కాళ్లతో నుంచుని ముగ్గు పెట్టాలి. పెరట్లో ఇంటాయన మంకీ క్యాపు, మఫ్లరు, ఉన్ని కోటుతో కాఫీ కోసం ఎదురుచూస్తూ “అబ్బ, ఏం చలి!” అంటాడు. పిల్లలకి స్వెట్టర్లు, సాక్సులు తొడిగేది ఆవిడే. ఆవిడ మడమలు మాత్రం సంక్రాంతికల్లా బీటలువారి, రగ్గు నూలుకి పట్టుకుని పీక్కుపోతుంటాయి. ఆముదం రాసుకోమంటారు, కొవ్వొత్తి మైనం కరిగించి పెట్టుకోమంటారు. సాక్సు తొడుక్కోమని ఎవరూ అనరు. “జ్వరమొచ్చిన మనిషిలా ఏమిటా అవతారం?” అంటారు.

ఒక్కసారి మాత్రం తొడుగుతారు, పురిటప్పుడు. బాలింతకి చెవుల్లో దూది, తలకి గుడ్డ, కాళ్లకి సాక్సులు. అంటే ఆడదాని కాలు చల్లబడుతుందని మన పెద్దవాళ్లకి తెలియక కాదు, బాగా తెలుసు. పిల్లకి పాలిచ్చినన్నాళ్లూ ఆ కాలు విలువైంది. ఆ నెలలు గడవగానే సాక్సులు ఉతికి ట్రంకు పెట్టెలో పడేస్తారు, మళ్లీ పురుడొస్తే చూద్దామని. నాకు దీనిమీద ఎప్పటినుంచో కోపం.

ఇక్కడ అమెరికా కథ ఒకటి చెప్పాలి. అక్కడ మొదట్లో మేజోళ్లు రెండు కాళ్లకి విడివిడిగా ఉండేవి. జారిపోకుండా నడుముకో పట్టీ, దానికి కొక్కేలు. నార్త్ కరొలైనాలో గ్లెన్ రావెన్ మిల్లు నడిపే ఆలెన్ గాంట్ భార్య గర్భిణిగా ఉండగా, ఆ పట్టీ పట్టక నానా అవస్థ పడిందట. మేజోళ్లు రెంటినీ లోదుస్తుతో కలిపి ఒకటిగా కుట్టే ఆలోచన అక్కడ పుట్టింది. 1959లో ఆ మిల్లు దాన్ని బజారులో పెట్టింది. ఇవాళ మనం టైట్స్ అనో, స్టాకింగ్స్ అనో పిలిచేవాటికి అదే ముత్తవ్వ. చూశారా, అక్కడా కారణం కడుపుతో ఉన్న ఆడదే. కానీ ఆ సుఖం పురుడయ్యాక పెట్టెలోకి పోలేదు.

నైలాన్ సంగతి కూడా చెప్పి ముందుకి పోతాను. డ్యూపాంట్ కంపెనీ 1938లో నైలాన్ వచ్చిందని ప్రకటించింది. 1940 మే 15న అమెరికా అంతటా నైలాన్ మేజోళ్లు అమ్మకానికి పెట్టారు. యుద్ధం రాగానే నైలానంతా పారాచూట్లకి పోయింది. ఆడవాళ్లు వట్టి కాళ్లమీద వెనకవైపు కనుబొమ్మల పెన్సిలుతో నిలువుగా గీత గీసుకుని, మేజోడు కుట్టులా కనిపించేలా చేసుకున్నారు. యుద్ధం అయ్యాక పిట్స్‌బర్గులో 13 వేల జతలకోసం 40 వేల మంది వరసలో నిలబడ్డారంటే ఆ మోజు ఎంతో ఊహించుకోండి. మన లాలాగూడా, మెట్టుగూడా రైల్వే క్వార్టర్లలో గౌన్లు కట్టే ఆంగ్లో ఇండియన్ అమ్మాయిలకి ఆ మోజు తెలుసు. వాళ్ల తాతలూ తండ్రులూ 1893లో మొదలైన లాలాగూడా వర్క్‌షాపులో పనిచేసినవాళ్లు. క్రిస్మస్ డాన్సుకి మేజోడు లేకుండా వెళ్లడమంటే మనం పేరంటానికి బొట్టు లేకుండా వెళ్లడమే. మనకి కూడా నైలాన్ వచ్చిందనుకోండి, చీరై వచ్చింది. ఒకే పోగు. వాళ్లు కాలికి చుట్టుకున్నారు, మనం ఒళ్లంతా చుట్టుకుని చెమటలు కక్కాం.

తెలుగు ఆడవాళ్లకి మేజోళ్లు నిజంగా చలికోసం అవసరమైంది సముద్రం దాటాకే. 1965లో అమెరికా వలస చట్టం మార్చింది. ఆ తర్వాత ఉస్మానియా, గాంధీ, గుంటూరు, విశాఖ మెడికల్ కాలేజీల్లో చదివిన డాక్టర్లు వరసగా షికాగో, డెట్రాయిట్ దారి పట్టారు. వెనకాల వాళ్ల భార్యలు, పెట్టెలనిండా వెంకటగిరి, ధర్మవరం చీరలతో. మా పిన్ని అలా 1974లో షికాగో వెళ్లింది. మారేడుపల్లిలో మా ఇంటికి నీలం రంగు ఏరోగ్రాములు వచ్చేవి. అమ్మ అవన్నీ దాచింది గనక ఇవాళ నేను చదువుకుంటున్నాను. చలికి చీర ఎలా కట్టాలన్నది ఏ పుస్తకంలోనూ లేదు. వాళ్లే ఒకరికొకరు ఫోనుల్లో చెప్పుకుని నేర్చుకున్నారు.

పిన్ని రాసినవాటిలో కొన్ని ఇప్పటికీ పనికొస్తాయి. నైలాన్ మేజోడుమీద నైలాన్ చీర కడితే హీటరు గదిలోని పొడిగాలికి చీర కాళ్లకి అంటుకుపోయి నడవనివ్వదు, మధ్యలో నూలు పెట్టీకోటు ఉండాలి. గరుకు ఉన్ని మేజోడైతే పెట్టీకోటు అడుగడుక్కీ పైకి ఎగబాకుతుంది, అందుకని నున్నటి అల్లికది చూసుకోవాలి. మంచుకరగడానికి రోడ్డుమీద ఉప్పు చల్లుతారు, అది చీర అంచుని తినేస్తుంది, కాబట్టి కారు దిగేటప్పుడు కుచ్చిళ్లు ఎత్తి పట్టుకోవాలి. అప్పుడు కింద కనపడేది మేజోడే గనక అది చూడ్డానికి బాగుండాలి! మెట్టెల గురించి ఒక ఉత్తరం నిండా రాసింది. ముత్యాల చెక్కుడున్న మెట్టెలు మేజోడు పోగుని పట్టుకుంటాయి, ఒక పోగు తెగితే మోకాలిదాకా నిలువునా జారిపోతుంది. మెట్టెలు తియ్యడానికి మనసొప్పక, చెక్కుడు లేని నున్నటి వెండి చుట్లు చేయించి పంపమని అమ్మని అడిగింది. అమ్మ జనరల్ బజారులోనే చేయించి పంపింది.

1985 జనవరి 20న షికాగోలో సున్నాకి కింద 33 డిగ్రీలకి దిగింది. ఆ ఊరికి అదే రికార్డు. ఆ ఏడాది డిసెంబర్లో పిన్ని సెలవుకి వచ్చి, ఆ రోజు సంగతి కథలా చెప్పింది. అమ్మకోసం రెండు ఉన్ని మేజోళ్లు తెచ్చింది, నడుందాకా వచ్చేవి, ముదురు ఆకుపచ్చవి. నాకప్పుడు ఆరేళ్లు. అమ్మ వాటిని చేత్తో సాగదీసి చూసి నవ్వేసి, నాఫ్తలీను ఉండలు వేసి బీరువాలో పెట్టింది. ధనుర్మాసం వచ్చింది. ఒక రోజు తెల్లారగట్ల లేచి చూస్తే అమ్మ ముగ్గు పెడుతోంది. ఎగదోపిన చీరకింద ఆకుపచ్చ మేజోడు, చీలమండ దగ్గర ఆగిపోయింది! కత్తెరతో పాదాలు కోసేసి, అంచు మడిచి కుట్టేసుకుంది. మెట్టెలు, పసుపు ఎక్కడివక్కడే. కాలు మాత్రం వెచ్చన. ఇప్పుడు షాపుల్లో లెగ్గింగులని రంగురంగులవి అమ్ముతుంటే అమ్మ వాటికేసి ఓసారి చూసి, నాకేసి ఓసారి చూస్తుంది.

మా నాయనమ్మ కంట పడకుండా ఉంటుందా? “ఏమ్మాయ్, కాళ్లకేం తొడిగావు?” అంది. అమ్మ చెప్పింది. నాయనమ్మ ఏమీ అనలేదు. రెండు రోజులయ్యాక, మడి కట్టుకోనప్పుడు చూసి, “ఆ రెండోది ఖాళీగానే ఉందా?” అని అడిగింది.

ఇప్పుడు మనకి దేనికీ కొదవ లేదు. చలికాలం రాగానే జంట నగరాలకి స్వెట్టర్ల మూటలతో వచ్చే టిబెటన్ల దగ్గర ఉన్ని సాక్సులు దొరుకుతాయి. పెద్ద షాపుల్లో థర్మల్స్, టైట్స్ అన్నీ ఉన్నాయి. కొనేముందు ‘డెనియర్’ అనే అంకె చూడండి. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 15 అంటే గాజులా కాలు కనపడుతుంది, అది చూపుకే గానీ చలికి కాదు. 40 దాటితే కాలు కనపడదు, 80, 100 నిజంగా చలికి ఆగుతాయి. ‘స్కిన్ కలర్’ అని రాసినది కళ్లు మూసుకుని కొనకండి. చాలాకాలం ఆ రంగు తెల్లవాళ్ల ఒంటిని చూసి చేసిందే, మన చామనఛాయ కాలికి తొడిగితే బూడిద పూసినట్టుంటుంది. ఇప్పుడు మన రంగువీ వస్తున్నాయి, చేతిమీద తొడిగి వెలుతుర్లో చూసుకోండి. చీరకి ఒక ఉపాయం ఏమిటంటే, మేజోడు రంగుని చీరకి కాక పెట్టీకోటుకి కలపాలి. అప్పుడు అంచు పైకి లేచినా ఏదో మరిచిపోయి వేసుకున్నట్టుండదు. పట్టు చీరకింద పిల్లల స్కూలు తెల్ల సాక్సులు మాత్రం దయచేసి వద్దు. బూటు ముందు తొడుక్కుని, తర్వాత చీర కట్టుకుంటే పొడుగు సరిగ్గా వస్తుంది. తొడిగేటప్పుడు ఉంగరాలు తీసి పక్కన పెట్టి, మేజోడుని పాదందాకా చుట్టలా చుట్టి, వేళ్లనుంచి మెల్లగా పైకి తీసుకురావాలి. పోగు తెగితే ఆ కొసలో గోళ్లరంగు చుక్క పెట్టండి, అక్కడితో ఆగుతుంది.

చెప్పులతో ఏంచెయ్యాలంటారా? దీనికి జపానువాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. వాళ్ల ‘తబి’ సాక్సుకి బొటనవేలు విడిగా ఉంటుంది, అది తొడుక్కుని కిమోనో కింద మన వారు చెప్పుల్లాంటివే వేసుకుంటారు. అదే పద్ధతిలో బొటనవేలు సాక్సులు మన దగ్గరా వచ్చాయి. మెట్టె రెండో వేలికి గనక లోపల హాయిగా ఉంటుంది, నున్నటిదైతే మరీ మంచిది.

పోయిన చలికాలం అమ్మకి ఒక జత తీసుకెళ్లి ఇచ్చాను. డెబ్బై దాటిన మనిషి, మంచం అంచున కూర్చుని ఒక కాలికి తొడుక్కుని, వేళ్లు ఆడించి చూసుకుంది. బాగున్నాయంది. మరో రెండు జతలు తెమ్మంది, దేవుడి గదికి విడిగా ఒకటి ఉండాలట. నలుపు మాత్రం వద్దంది, ముగ్గు పిండి కనపడుతుందని.